ప్రశ్నలు – జవాబులు: యూదమతం ఎవరికి తల్లి, ఎవరికి తోబుట్టువు?

ప్రశ్న: మా పక్కింటివారు చదివే బైబిల్లోనూ, నా మిత్రుడి ఇంట్లో చెప్పుకునే ఖురాన్ గాథల్లోనూ అబ్రాహాము, మోషే, దావీదు కనిపిస్తారు. యూదమతం తల్లి అనీ, క్రైస్తవం, ఇస్లాం దాని బిడ్డలనీ మా కళాశాలలో చెప్పారు. ఇది ఎంతవరకు సరైనది?
– డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: సగం వరకు సరైనది. పురాతన ఇశ్రాయేలు మతాన్ని తల్లి అనుకుంటే ఆ మాట నిలుస్తుంది. ఈనాడు మనం యూదమతం అని పిలుస్తున్నది మాత్రం బలిపీఠం, యాజకులు లేకుండా, ప్రార్థన, గ్రంథ పఠనం, రబ్బీల (ధర్మశాస్త్ర పండితుల) తీర్పుల మీద నడిచే మతం. అది ఈ రూపానికి వచ్చింది క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో, అంటే క్రైస్తవం కూడా రూపుదిద్దుకుంటున్న రోజుల్లోనే. ఆ రెండింటినీ తోబుట్టువులనడమే సబబు.

పాత చరిత్రను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇశ్రాయేలు అనే పేరు బైబిలుకు వెలుపల తొలిసారి కనిపించేది ఈజిప్టు రాజు మెర్నెప్తా వేయించిన శాసనంలో, సుమారు క్రీ.పూ. 1208లో. ఉత్తర రాజ్యం క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరీయుల పాలైంది. దక్షిణాన యూదా రాజ్యాన్ని బబులోను రాజు నెబుకద్నెజరు కూలదోసి, క్రీ.పూ. 586లో యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేశాడు. క్రీ.పూ. 539లో బబులోనును గెలిచిన పారసీక చక్రవర్తి కోరెషు చెరలో ఉన్నవారిని తిరిగి వెళ్లనిచ్చాడు, క్రీ.పూ. 515 నాటికి రెండవ దేవాలయం లేచింది. అయితే అందరూ తిరిగి వెళ్లలేదు. బబులోనులోనే ఉండిపోయిన ఆ యూదుల సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

యేసు కాలానికి యూదమతం ఒకే మూసలో లేదు. దేవాలయాన్ని నడిపించిన సద్దూకయ్యులు, ధర్మశాస్త్రాన్ని ఇంటింటి ఆచారంగా మలచిన పరిసయ్యులు, లోకాన్ని విడిచి బతికిన ఎస్సీనులు, ఇలా ఎన్నో పాయలుండేవి. 1947 నుండి కుమ్రాను గుహల్లో దొరికిన మృత సముద్రపు గ్రంథపు చుట్టలు ఆ వైవిధ్యానికి సాక్ష్యం. యేసూ, ఆయన శిష్యులూ, పౌలూ యూదులే. వారి బృందం కూడా మొదట ఆ పాయల్లో ఒకటి. యూదులు కానివారు చేరడం మొదలయ్యాక, వారికి సున్నతి తప్పనిసరా అన్న వాదం లేచింది; సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో పెద్దలు కూడి, అక్కరలేదని తేల్చారు. దారులు వేరవడానికి బీజం అక్కడ పడింది.

అసలు మలుపు క్రీ.శ. 70లో వచ్చింది. రోమన్ సేనాని తీతు నడిపిన సేన దేవాలయాన్ని కాల్చివేసింది. అక్కడి ఏడు కొమ్మల దీపస్తంభాన్ని సైనికులు మోసుకుపోతున్న శిల్పం రోములో అతని పేరిట ఉన్న తోరణం మీద నేటికీ ఉంది. దేవాలయమే ఆధారమైన సద్దూకయ్యులు చరిత్ర నుండి కనుమరుగయ్యారు. బలులు అర్పించే చోటే లేనప్పుడు దేవుణ్ణి సేవించడం ఎలా? ఈ ఒక్క ప్రశ్నకు రెండు జవాబులు పుట్టాయి. ప్రార్థన, దానధర్మం, ధర్మశాస్త్ర అధ్యయనం బలికి సాటి అని యవ్నె అనే ఊళ్లో చేరిన రబ్బీలు, వారి వారసులు అన్నారు. యేసు మరణమే చివరి బలి అని క్రైస్తవులు అన్నారు. మొదటి జవాబు నుండి సుమారు క్రీ.శ. 200లో మిష్నా అనే ధర్మ సంకలనం, ఆ తర్వాత దాని మీది చర్చల గ్రంథం తాల్ముదు వచ్చాయి. రెండవ దాని నుండి క్రైస్తవ సంఘం పెరిగింది. రెండు జవాబులకూ పునాది ఒకే గ్రంథం.

ఈ రెండూ ఒక్క రోజులో విడిపోలేదు. క్రీ.శ. 325లో క్రైస్తవ పెద్దల నైసియా సభ ఈస్టరు తేదీకి యూదుల లెక్క మీద ఆధారపడకూడదని నిర్ణయించింది. 386లో కూడా అంతియొకయలో యోహాను క్రిసోస్తము అనే బోధకుడు, యూదుల పండుగలకు సమాజమందిరాలకు వెళుతున్న క్రైస్తవులను తీవ్రంగా మందలించాడు. అంత గట్టిగా మందలించవలసి వచ్చిందంటే, వెళ్లేవారు తక్కువమంది కాదని నా అభిప్రాయం.

ఇస్లాం సంగతి వేరు. అది ఎదుర్కొన్నది అప్పటికే స్థిరపడిన రెండు మతాలను. యెమెన్‌లో హిమ్యర్ రాజులు నాలుగవ శతాబ్దం చివరికే యూదమతం వైపు మొగ్గారు. యస్రిబ్‌లో, అంటే తర్వాతి మదీనాలో, ఖైనుఖా, నజీర్, ఖురైజా అనే యూదు తెగలుండేవి. 622లో ముహమ్మద్ ప్రవక్త అక్కడికి వలస వచ్చాక కుదిరిన ఒడంబడికలో యూదులకూ చోటుంది. నమాజు దిశ మొదట యెరూషలేము వైపు ఉండి, 624లో మక్కా వైపు మారింది. ఆ తర్వాత సంబంధాలు బెడిసి రెండు తెగలు ఊరు విడిచాయి. 627లో ఖురైజా పురుషులకు మరణశిక్ష పడిందని ముస్లిం చరిత్రకారులే రాశారు. దీన్ని దాచడమూ, దీని మీదే మొత్తం చరిత్రను తీర్పు తీర్చడమూ రెండూ తగవు. ఎందుకంటే, బబులోను యూదులు సహా లోకంలోని యూదుల్లో అత్యధికులు తర్వాత ఖలీఫాల ఏలుబడిలో, ముస్లిమేతరులపై వేసే జిజియా పన్ను చెల్లిస్తూ, రెండవ శ్రేణి ప్రజలుగానే అయినా తమ ధర్మం ప్రకారం బతికారు. బబులోనులోని సూరా, పుంబెదితా యూదు విద్యాపీఠాల పెద్దలు చెప్పిన బబులోను తాల్ముదు ఆ సామ్రాజ్యపు దారుల వెంటే స్పెయిన్ దాకా ప్రామాణికమైంది. యూదు పండితుడు సాదియా గావోను (882–942) బైబిలును అరబ్బీలోకి అనువదించాడు.

ప్రశ్న: మా పక్కనే గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగ జరుగుతుంది. మొహర్రం పదో రోజు ఉపవాసం యూదుల నుండి వచ్చిందని ఒకరన్నారు. నిజమేనా?
– గృహిణి, నార్పల, అనంతపురం జిల్లా

జవాబు: ఉపవాసం వరకు ఆ మాటకు ఆధారం ఉంది. మదీనాలో యూదులు ఆ రోజు ఉపవాసం ఉండడం చూసి ప్రవక్త కారణం అడిగారనీ, దేవుడు మోషేను ఫరో నుండి కాపాడిన రోజని వారు చెప్పారనీ, అప్పుడు తానూ ఉపవాసం ఉండి తనవారినీ ఉండమన్నారనీ హదీసు, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం, చెబుతుంది. రంజాన్ ఉపవాసాలు విధి అయ్యాక ఇది ఐచ్ఛికమైంది. యూదులు తమ తిష్రీ నెల పదో రోజున పాటించే ప్రాయశ్చిత్త దినాన్ని పండితులు దీనితో పోలుస్తారు. పీర్ల పండుగలోని శోకం మాత్రం వేరు. అది 680లో కర్బలాలో ప్రవక్త మనుమడు హుసేన్ అమరుడైన సంగతి, దానికి యూదులతో సంబంధం లేదు.

ఈ పండుగ ఒక ఏడు ఎండల్లో, కొన్నేళ్లకు చలిలో రావడం మీరు చూసే ఉంటారు. యూదులు మన అధిక మాసం లాగానే 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల అదనంగా కలుపుతారు కాబట్టి వారి పండుగలు రుతువు తప్పవు. ఇస్లాం ఆ అదనపు నెలను నిషేధించింది కాబట్టి మొహర్రం ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది.