ఊలు ఉండ కొనే ముందు

తిరుపతి

చిరంజీవి కోడలికి అత్త ఆశీస్సులు.

రెండేళ్ల పిల్లోడికి స్వెటర్ అల్లాలి, ఏ ఊలు కొనాలి అని అడిగావు. అంగట్లో ఉండను చెంపకు ఆనించి మెత్తగా ఉందని కొనేయొద్దు పాపా. ఆ స్వెటర్‌ను ఎవరు ఉతుకుతారు, చేత్తోనా మిషన్‌లోనా, ఏ నీళ్లతో? ముందు అది తేల్చుకో. పప్పన్నం ఒలకబోసుకునే వయసు వాడిది. వారానికి రెండు ఉతుకులు తప్పవు.

మన అంగళ్లలో ఊలు అని ఇచ్చేది చాలావరకు అక్రిలిక్కే, అంటే ప్లాస్టిక్ లాంటి కృత్రిమ దారమే. లేబుల్ తిప్పి చూస్తే రాసి ఉంటుంది. లేబుల్ ఊడిపోయిన ఉండ అయితే ఇంటికి తెచ్చాక బెత్తెడు దారం పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టి కాల్చి చూడు. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. నూలు కాగితంలా కాలుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగులుతుంది. అందుకే కార్తీక మాసంలో ప్రమిదల దగ్గర పిల్లలకు అక్రిలిక్ స్వెటర్ వేయొద్దు. నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది.

అసలు ఉన్ని మీద ఆశ ఉంటే ఒక సంగతి తెలుసుకో. ఉన్ని వెంట్రుకకు చేప పొలుసుల్లాంటి పొలుసులుంటాయి. వేడి నీళ్లు, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని బిగిసిపోతాయి. స్వెటర్ బొమ్మకు తొడిగేంత అవుతుంది, మళ్లీ సాగదు. సూపర్‌వాష్ అని రాసిన ఉన్నికి ఆ పొలుసుల్ని అణిచి పైన పలచటి పూత వేస్తారు, కాబట్టి మిషన్‌లో వేసినా ముడుచుకోదు. దాని తంటా వేరే: తడిస్తే సాగుతుంది. దండెం మీద వేలాడదీస్తే మోకాళ్ల దాకా దిగుతుంది. దాన్ని కాస్త బిగువుగా అల్లి, చాప మీద పరిచి ఆరబెట్టాలి. మన నెల్లూరు గొర్రెకు ఒంటినిండా వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు. కంబళ్లకు వాడే దక్కనీ గొర్రె ఉన్ని ఏళ్ల తరబడి మన్నుతుంది కానీ పిల్లోడి మెడకు గీరుకుంటుంది.

మన్నికంతా పురిలోనూ (దారం మెలిక) పేటల్లోనూ (కలిపి పేనిన పోగులు) ఉంటుంది. దారం కొస పట్టుకుని పురి విప్పి పేటలు లెక్కపెట్టు. ఒంటిపేట దారం, వదులు పురి దారం అంగట్లో పట్టులా ఉంటాయి, నెల తిరిగేసరికి చంకల దగ్గర ఉండలు కడతాయి. పొట్టి పోగులు రాపిడికి బయటికొచ్చి చిక్కుపడటమే ఆ ఉండలు. ఉన్ని మీద కట్టినవి రాలిపోతాయి. అక్రిలిక్ పోగు గట్టిది, అందుకని దాని ఉండలు వేలాడుతూనే ఉంటాయి. మూడు నాలుగు పేటలు, బిగువైన పురి ఉన్నది తీసుకో. దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య యాభైసార్లు రుద్ది చూడు, నూగు లేస్తే వదిలెయ్.

నూలు మన ఎండలకు హాయి. కానీ సాగి వెనక్కి రాదు, తడిస్తే బరువెక్కుతుంది. నడుము పట్టీ, చేతుల పట్టీ మిగతా స్వెటర్‌కు వాడే సూదులకంటే ఒక మిల్లీమీటరు సన్నవాటితో అల్లితేనే నిలుస్తాయి. మదనపల్లె వైపు చలికి, కొండ మీద తెల్లవారు చలికి పిల్లోడికైతే నా ఓటు సగం నూలు సగం అక్రిలిక్ కలిసిన డీకే (మధ్యరకం మందం) దారానికి. 100 గ్రాములకు సుమారు 220 మీటర్లు వచ్చేది, 4 మిల్లీమీటర్ల సూదులు. 250 గ్రాములు సరిపోతుంది. జడల అల్లిక వేస్తే ఇంకో 50 కావాలి. అన్ని ఉండల మీదా డై లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) ఒకటే ఉండాలి. వేరైతే అంగట్లో దీపాల కింద తెలియని తేడా మిద్దె మీద ఎండలో కనిపిస్తుంది.

ఇక నమూనా ముక్క అల్లి చూడకుండా స్వెటర్ మొదలుపెట్టొద్దు. 34 కుట్లు ఎక్కించి 15 సెంటీమీటర్ల చదరం అల్లు. మధ్యలో 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లో రాసుకో. స్వెటర్‌ను ఎలా ఉతకబోతావో దాన్నీ అలాగే మూడుసార్లు ఉతికి, ఆరాక మళ్లీ లెక్కపెట్టు. ఉతకకముందు 21, ఉతికాక 22 వచ్చాయనుకో. ఛాతీ చుట్టూ 60 సెంటీమీటర్లు కావాలంటే 132 కుట్లు. పాత లెక్కతో 126 వేస్తే ఉతికాక 57కు దిగుతుంది, అనుకున్నదానికంటే బిగుతవుతుంది. ఎరుపో నలుపో అయితే తడి తెల్లగుడ్డతో ఆ ముక్కను రుద్ది చూడు. రంగు అంటితే తెల్లదారంతో కలపొద్దు. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని చెప్పే మాట నమ్మొద్దు.

ఉతుకు: తిరగేసి, జాలీ సంచిలో వేసి, చల్లటి నీళ్లలో, మెల్లగా తిరిగే సెట్టింగు. జీన్సు, జిప్పులున్నవి పక్కన వేయొద్దు. ఉన్ని అయితే ఎంజైములున్న పౌడరు వద్దు, అవి ఉన్నినే తినేస్తాయి. కుంకుడు రసం మంచిది, తెల్లదారానికి మాత్రం పసుపు ఛాయ వస్తుంది. బోరు నీళ్లకు సబ్బు విరిగి పోగుల్లో పేరుకుని ఊలు బిరుసెక్కుతుంది. కడసారి జాడించే బకెట్లో రెండు చెంచాల వెనిగర్ వెయ్. పిండొద్దు, తువ్వాల్లో చుట్టి నొక్కు. అక్రిలిక్‌కు ఇస్త్రీ పెట్టావో, పట్టీల బిగువు శాశ్వతంగా పోతుంది.

ముక్క ఉతికాక రెండు లెక్కలూ రాసి పంపు. చేతులకు ఎన్ని కుట్లు ఎక్కించాలో అప్పుడు చూద్దాం.

మీ అత్త