టెక్సాస్ స్కూల్లో "ఆగి చూద్దాం" అంటే ఆగకండి

మీ బాబు కిండర్‌గార్టెన్‌లో ఉన్నాడు, మాటలు సరిగా రావడం లేదు, ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే అలా అవుతోంది, ఈ ఏడాది ఆగి చూద్దాం అని టీచర్ అన్నారు, గట్టిగా అడిగితే హెచ్‌1బీకి ఏమైనా ఇబ్బందా అని మీ టెన్షన్. ఆగొద్దు. ఎవాల్యుయేషన్ కావాలని, అంటే బాబుకి ప్రత్యేక సాయం అవసరమో లేదో స్కూలే పరీక్షించి తేల్చాలని, ఈ రోజే ప్రిన్సిపాల్‌కి ఈమెయిల్ పెట్టండి.

మేమూ డాలస్ దగ్గరే ఉంటాం, మా పాపకి ఆటిజం. మాకూ ఇదే మాట చెప్పారు. టీచర్ మంచావిడే, పాపని బాగా చూసుకునేది కూడా, కానీ నోటిమాటగా అడిగినన్నాళ్లూ ఏదీ కదల్లేదు. ఇక్కడ రూల్ ఏంటంటే, ప్రిన్సిపాల్‌కో స్కూల్ డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్ (వైకల్యం ఉన్న పిల్లల ప్రత్యేక విద్య) డైరెక్టర్‌కో రాసి అడిగితే 15 స్కూల్ రోజుల్లోపు వాళ్లు ఎవాల్యుయేషన్‌కి మీ సంతకం కోసం ఫారం ఇవ్వాలి, లేదంటే ఎందుకు చెయ్యరో రాసివ్వాలి. మాకు ఫారమే వచ్చింది. సంతకం పెట్టాక మామూలుగా 45 స్కూల్ రోజుల్లో రిపోర్ట్ రావాలి. ముందు క్లాసులో కొంచెం అదనపు సాయం చేసి చూస్తాం అన్నా చెయ్యనివ్వండి, కానీ ఆ వంకతో ఎవాల్యుయేషన్ ఆపడం కుదరదు.

ఈ రాష్ట్రంలో ఆగమనడం వెనక పెద్ద కథే ఉంది. స్పెషల్ ఎడ్ పిల్లలు 8.5 శాతం దాటకుండా డిస్ట్రిక్టుల మీద టెక్సాస్ ఏళ్ల తరబడి ఒత్తిడి పెట్టింది, అది చట్టవిరుద్ధమని 2018లో కేంద్ర విద్యాశాఖ తేల్చింది. ఎంతమంది పిల్లలు నష్టపోయారో తలుచుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

వీసా సంగతి మనసులోంచి తీసేయండి. వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ఉన్న కేంద్ర చట్టం పేరు ఐడియా, అందులో పౌరసత్వం షరతే లేదు, ఇది పబ్లిక్ స్కూల్ చదువులో భాగం. తెలుగు గురించి కూడా భయపడకండి, ఇంట్లో మానెయ్యకండి. బాబుకి ఏ భాష బాగా వస్తే అందులో పరీక్షించే ప్రయత్నం చెయ్యాల్సిన బాధ్యత వాళ్లదే.

తర్వాత ఐఈపీ కోసం, అంటే బాబుకి ఏ సాయం ఎంత ఇస్తారో రాసే ప్లాన్ కోసం, మీటింగ్ పెడతారు, ఇక్కడ దాన్ని ఆర్డ్ అంటారు. మా డ్రాఫ్టులో స్పీచ్ థెరపీ దగ్గర "అవసరాన్ని బట్టి" అని ఉంది. అలా కాదు, వారానికి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని నిమిషాలు, క్లాసులోనా బయటా అన్నీ రాయమన్నాం, అక్కడే కూర్చుని మార్చారు. మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్లోనే పాల్గొన్నారు, దానికీ హక్కుంది. రిపోర్టే తప్పనిపిస్తే బయటివాళ్లతో డిస్ట్రిక్ట్ ఖర్చు మీద మళ్లీ చేయించమని అడగొచ్చు, అది కుదరదనుకుంటే తమ రిపోర్ట్ సరైనదేనని వాళ్లే హియరింగ్‌కి వెళ్లి నిరూపించుకోవాలి.

మెయిల్లో బాబు పేరు, పుట్టినతేదీ, మీరు గమనించినవి నాలుగైదు రాసి, ఐడియా కింద, సెక్షన్ 504 (వైకల్యం ఉన్నవాళ్ల పట్ల వివక్ష కూడదనే చట్టం) కింద పూర్తి ఎవాల్యుయేషన్ కావాలని స్పష్టంగా అడగండి. మీటింగ్‌కి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే అదే మెయిల్లో చెప్పండి, ఆ ఖర్చు డిస్ట్రిక్ట్‌దే.