సందేహాలు – సమాధానాలు: ఆదిలో హంసపాదు పడితే ఏమిటి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. బడిలో తెలుగు టీచర్‌ని. ఒక నవలల పోటీకి రాస్తున్నాను. నెలాఖరులోపు చేరాలన్నారు. మొదటి అధ్యాయాన్నే మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటూ కూర్చున్నాను. టెన్షన్‌తో రెండోదానికి చెయ్యి ఆడటం లేదు. మావారు చూసి "నీ నవలకి ఆదిలోనే హంసపాదు" అన్నారు. మా అత్తగారేమో పాదు అంటే కొబ్బరిచెట్టుకి తీసే పాదేనని, పక్షులు తొక్కిన పాదులో మొక్క బతకదు కాబట్టి ఆ మాట పుట్టిందని అంటారు. ఏది నిజం? ఇంకొకటి: ఫస్ట్ డ్రాఫ్ట్‌ని చిత్తుప్రతి అనాలా, ముసాయిదా అనాలా, తొలిప్రతి అనాలా?

సమాధానం: అమ్మా, మీ అత్తగారు చెప్పిన పాదు చక్కటి తెలుగు మాట. చెట్టు మొదట్లో తీసే పాదూ అదే, బీరపాదు, సొరపాదుల్లోని పాదూ అదే. కానీ హంసపాదులో ఉన్నది ఆ పాదు కాదు. ఇది సంస్కృత 'పాదము', అంటే అడుగు. హంస అడుగు వేసినట్టుండే గుర్తు హంసపాదు. రాస్తూ రాస్తూ ఒక అక్షరమో మాటో విడిచిపెట్టేస్తే, విడిచిన చోట పంక్తిలో ఈ గుర్తు పెట్టి, ఆ అక్షరాన్ని పైనో కిందో అంచునో రాసేవారు. సంస్కృతంలో ఇదే గుర్తుకు 'కాకపదం' అని పేరుంది. వాళ్ళకు కాకి కాలు కనిపించిన చోట మనవాళ్ళకు హంస కాలు కనిపించింది. నాకు ఈ తెలుగు పేరంటే ప్రాణం. పొరపాటు చేసిన రాయసకాడిని, అంటే లేఖకుణ్ణి, కించపరచకుండా, ఆ పొరపాటును సరిచేసే గుర్తుకు మానససరోవరపు పక్షి పేరు పెట్టారు.

  

దీని విలువ తెలియాలంటే తాటాకు మీద ఎలా రాసేవారో తెలియాలి. ఎడమచేత్తో ఆకు పట్టుకుని, కుడిచేత్తో ఇనుప గంటం పట్టి అక్షరాన్ని ఆకులోకి దించాలి. అది సిరాతో పెట్టిన అక్షరం కాదు, గీత. రాసిన వెంటనే సరిగ్గా కనపడదు కూడా. తరవాత మసో ఆకుపసరో పూసి తుడిస్తే, గీతల్లో నిలిచిన నలుపు వల్ల అక్షరాలు తేలతాయి. అప్పుడు చూసుకుంటే 'రామ'లో 'మ' లేదు! గీసింది చెరగదు, అక్షరాల మధ్య చోటు లేదు, ఆకు పారేస్తే ముందూ వెనకా రాసిందంతా పోతుంది. అప్పుడు ఆదుకునేది హంసపాదు. మీరు ఎప్పుడైనా రాజమండ్రి వెళ్తే గౌతమీ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి, అడిగి చూడండి. రాత ఎంత శ్రమో కళ్ళారా చూస్తే, కంప్యూటర్‌లో పేజీకి పేజీ చెరిపేసే అలవాటు మీద మీకే కోపం వస్తుంది. రాయసకాళ్ళు గ్రంథం చివర రాసుకునే శ్లోకం ఒకటుంది: "భగ్నపృష్ఠకటిగ్రీవః స్తబ్ధదృష్టిరధోముఖః." వీపు, నడుము, మెడ విరిగిపోయేలా, చూపు కదపకుండా, తలవంచి రాశాను; కష్టపడి రాసిన ఈ గ్రంథాన్ని జాగ్రత్తగా కాపాడండి అని వేడుకోలు. నెల గడువులో నవల రాసేవాళ్ళకు ఈ శ్లోకానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక జాతీయం సంగతి. "ఆదిలోనే హంసపాదు" అంటే రాత మొదలుపెట్టిన మొదటి మాటలోనే అక్షరం విడిచాడని ఎత్తిపొడుపు. ఎత్తిపొడుపే, సందేహం లేదు. కానీ ఒక తేడా గమనించండి. హంసపాదు చెప్పేది తప్పు రాశావని కాదు, ఏదో విడిచావని. తప్పు రాసినదానికి కొట్టివేత ఉంది, అడ్డగీత ఉంది. విడిచినదానికే హంసపాదు. ఈనాటి వార్తల్లో టెండరు రద్దయినా హంసపాదే, శంకుస్థాపన నాడు వాన కురిసినా హంసపాదే. అడ్డంకి అనడానికి తెలుగులో మాటలే లేనట్టు దీన్ని ఎందుకు ఈడుస్తారో తెలియదు. 'ఆటంకం' ఉంది, 'విఘ్నం' ఉంది, మన పల్లెల్లో 'అడ్డం పడింది' ఉంది. హంసపాదు ఆపే గుర్తు కాదు. చోటు చూపించి, విడిచినదాన్ని చేర్చి, చదివేవాణ్ణి ముందుకు పంపే గుర్తు.

రాత ఆగకూడదనే పట్టుదల మనవాళ్ళకు ఎంత ఉండేదో చెప్పే కథ ఒకటి మీకు తెలిసే ఉంటుంది. తిక్కన భారతం ఆశువుగా చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాస్తున్నాడట. సంజయుడు ధృతరాష్ట్రుడికి యుద్ధవార్త చెప్పే ఘట్టంలో కవికి మాట తట్టలేదు. "ఏమి చెప్పుదుం గురునాథా" అని లేఖకుణ్ణే అడిగాడు. గురునాథుడు దాన్నీ రాసేశాడు. తీరా చూస్తే 'చెప్పుదున్ + కురునాథా', సరళాదేశంతో, అంటే 'క' కాస్తా 'గ' అయి, 'చెప్పుదుం గురునాథా'. సంజయుడు కౌరవరాజుతో అనాల్సిన మాటే పడింది! ఇది చరిత్ర అని నేననను, చాటుకథే. కానీ దీన్ని పుట్టించి తరతరాలు చెప్పుకున్నవాళ్ళకు ఒక సంగతి బాగా తెలుసు: కవి ఆగినా గంటం ఆగకూడదు. మన భాషలో పద్యం 'చెబుతారు', కవిత్వం 'చెబుతారు'. రాయడం రాయసకాడి పని. మొదట నోటివెంట వచ్చేది ఒకటి, తరవాత చేత్తో దిద్దేది ఒకటి. మీరు రెండు పనులూ ఒకే కుర్చీలో, ఒకే గంటలో చేయబోతున్నారు. అక్కడే వస్తోంది చిక్కు.

ఆ పద్ధతి నవలకూ పనికొచ్చింది. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు (ఆంధ్ర విశ్వవిద్యాలయం) నవలల పోటీ పెట్టినప్పుడు విశ్వనాథ సత్యనారాయణ గారు 'వేయిపడగలు' ఇరవైతొమ్మిది రోజుల్లో చెప్పారని, తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాశారని ప్రసిద్ధి. వెయ్యి పుటలకు దగ్గరగా ఉండే పుస్తకం అది. బహుమతిని దానితో పంచుకున్నది అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'. బాపిరాజు గారు మన భీమవరం వైపువారు, ఆ కథానాయకుడిది మీ కోనసీమ కొత్తపేట. గడువు పెట్టిన పోటీల నుంచి గట్టి నవలలు రావనేవాళ్ళకు ఈ ఒక్క పోటీ చాలు. వీరేశలింగం గారు ధవళేశ్వరంలో కథ మొదలుపెట్టి 'రాజశేఖర చరిత్రము'ను 1878లో తమ 'వివేకవర్ధని' పత్రికలోనే వరసగా వేశారు. అచ్చయిపోయిన భాగంలో హంసపాదు పెట్టే వీలు కూడా లేదు.

కాబట్టి మీవారి మాట జాతీయంగా సరే, మీ విషయంలో సరిపోయిందా అంటే సందేహమే. మీరు హంసపాదు పెట్టి ముందుకు వెళ్ళడం లేదు, అక్కడే ఆగి ఆకు మారుస్తున్నారు. పాత్ర పేరు కుదరలేదా, సంక్రాంతి నాటి కోడిపందేల వర్ణన రావడం లేదా, అక్కడ నిజంగానే ఒక హంసపాదు గీసి రెండో అధ్యాయంలోకి వెళ్ళండి. కంప్యూటర్‌లో అయితే కూడిక గుర్తు చాలు. తరవాత వెతికితే అన్నీ ఒక్కసారే దొరుకుతాయి.

ఫస్ట్ డ్రాఫ్ట్‌కి చిత్తుప్రతి మంచి మాట. చిత్తు అనగానే చెత్త గుర్తొస్తుందని కొందరికి చిన్నతనం. మీ పిల్లలు లెక్కలు చేసుకునే చిత్తుపుస్తకం చెత్తా? అక్కడ వేసిన లెక్కేగా సాఫుపుస్తకంలోకి ఎక్కేది! ముసాయిదా అరబ్బీ నుంచి వచ్చింది, 'నలుపు' అనే మూలం నుంచి. సిరాతో నల్లబడ్డ కాగితమన్నమాట. అందమైన పుట్టుకే, కానీ ఇప్పుడు బిల్లులకూ ఓటర్ల జాబితాలకూ అంకితమైపోయింది. దాన్ని వాళ్ళకే వదిలేద్దాం. తొలిప్రతి అంటే పుస్తకావిష్కరణలో ముఖ్య అతిథి అందుకునేదని జనం అనుకుంటారు. డ్రాఫ్ట్ అన్నా నేను తప్పుపట్టను. "డ్రాఫ్ట్ చేయడం జరిగింది" అంటే మాత్రం ఊరుకోను. రాసింది మీరైతే "రాశాను" అనండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. నెలాఖరు'లోపు' అన్నారన్నారు. కాలవ చివర దాళ్వా (రెండో పంట) వేసిన మన శివారు రైతు "కాలవలు కట్టేసేలోపు దాళ్వా చేలకి ఆఖరి తడి అందాలి" అంటాడు. కట్టేసే రోజు వస్తే అతనికి నీళ్ళు లేనట్టే. లోపు, లోగా అంటే ఆ రోజు రాకముందే. 'నెలాఖరుకల్లా' అంటే ఆ రోజు కూడా కలుస్తుంది. వాడుకలో ఈ తేడా చెరిగిపోతోంది, పోటీవాళ్ళు ఏ ఉద్దేశంతో వేశారో నేను తేల్చలేను. ఫోన్ చేసి కనుక్కోండి, లేదా ఒకరోజు ముందే పంపేయండి.