డ్రీనాలో దూకేసిన నీ అమ్మాయి గురించి

శ్రావణీ,

మేడమ్ అని రాశావు, అక్కా అను చాలు. నీ కథ రెండుసార్లు చదివాను. 1992 బోస్నియా యుద్ధంలో ఫోచా ఊరు, ఆడపిల్లల్ని బంధించిన ఆ పార్టిజాన్ స్పోర్ట్స్ హాలు, కష్టపడి తెలుసుకుని రాశావు, బాగుంది. కానీ చివర్లో ఆ పిల్ల "మానం పోయాక ప్రాణమెందుకు" అనుకుని డ్రీనా నదిలో దూకేసింది చూడు, అక్కడ నాకు కోపం ఆగలేదు పాపా.

ఎవరి మానం పోయింది? తప్పు చేసింది వాడైతే పోయింది ఆమెదా? యుద్ధంలో మామూలు జనాన్ని కాపాడ్డానికి దేశాలు రాసుకున్న 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 27వ అధికరణం కూడా అత్యాచారాన్ని ఆడవాళ్ళ గౌరవం మీద దాడి అనే రాసుకుంది. మనవాళ్ళు మానభంగం అన్నారు. ఆ మాట వాడావంటే దెబ్బ కనిపించదు, మచ్చే కనిపిస్తుంది. నీ కథలో ఆ మాట ఆరుసార్లుంది, ఆరూ కొట్టెయ్.

నువ్వు నదిలో తోసేసిన పిల్లలాంటి వాళ్ళు, అప్పటికి పదిహేనేళ్ళున్న పిల్లతో సహా, బతికి హేగ్‌లోని అంతర్జాతీయ యుద్ధనేరాల కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పారు. పేరు బయటికి రాకుండా ఒక్కొక్కరికీ ఒక నంబరు. 2001 ఫిబ్రవరి 22న ముగ్గురు మగవాళ్ళకు 28, 20, 12 ఏళ్ళ శిక్షలు పడ్డాయి. తనని అలా చేసినవాడు ఎదురుగా కూర్చునుంటే మాట్లాడ్డం, అదీ కథంటే! అంతదూరం ఎందుకు, మన విశాఖ ఏజెన్సీలో వాకపల్లి లేదా? 2007లో కూంబింగుకి వచ్చిన పోలీసులు అత్యాచారం చేశారని పదకొండు మంది కోందు గిరిజన ఆడవాళ్ళు చెప్పారు. దర్యాప్తే సరిగా జరగలేదని 2023లో కోర్టు నిందితుల్ని వదిలేసి, ఆ ఆడవాళ్ళకు పరిహారం ఇమ్మంది. పదహారేళ్ళు ఆ మాట మీద నిలబడ్డారు వాళ్ళు.

1992లోనే నేను తమిళనాడులో గుమ్మిడిపూండి శ్రీలంక శరణార్థుల క్యాంపుకి వెళ్ళాను. చిత్తూరు మనిషిని, అరవం వచ్చు కదా. జాఫ్నా నుంచి వచ్చిన ఒకావిడ అక్కడ వదిలేసిన కుట్టు మిషను గురించి అరగంట చెప్పింది. పెడల్ కింద చెక్క ఒకటి అరిగిపోతే వాళ్ళాయన చెప్పు అట్ట కోసి బిగించాడట. చెబుతూ చెబుతూ చేటలో బియ్యం ఏరుతోంది. మధ్యలో "ఆర్మీ వాళ్ళొచ్చినప్పుడు నేను ఒక్కదాన్నే ఉన్నాను" అంది, చెయ్యి ఆగింది, మళ్ళీ రాళ్ళు ఏరుకుంది. అంతే చెప్పింది. నేనూ అంతే రాశాను.

ఒక వారపత్రిక ఎడిటరు మిషను పేరా మొత్తం కొట్టేసి, నేను రాయని రేప్ సీనొకటి పెట్టి, చివర్లో ఆమెకు ఉరేసి అచ్చేశాడు. అడిగితే "బతికుంటే పాఠకులకు జాలి కలగదమ్మా" అన్నాడు. ఆ పత్రిక పట్టుకుని లీలామహల్ సెంటర్లో నిలబడి ఏడ్చాను. క్యాంపుకెళ్ళి ఆవిడకు మొహం చూపించలేకపోయాను. ఇప్పటికీ కథల పోటీల్లో ప్రైజులు అలాంటివాటికే వస్తుంటే ఒళ్ళు మండుతుంది.

నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత. ఆ హాల్లో జరిగింది నాలుగు పేజీలు రాశావే, అది తీసెయ్. ఆ పిల్ల నది ఒడ్డు నుంచి ఇంటికి వచ్చాక మొదట ఏం చేసిందో, ఎవరితో మాట్లాడిందో రాసి పంపు. దసరా దాకా తిరుపతిలోనే ఉంటాను.

అక్క