రాత్రి కథలు వీడియో తీయడానికి సెన్సర్ పెద్దదైతే చాలా?

పరకాల చుట్టుపక్కల ఊళ్లలో రాత్రంతా సాగే ఒగ్గుకథలను, సద్దుల బతుకమ్మను వీడియో తీయాలనుకుంటున్నానని మీరు రాశారు. దుకాణంలో ఒక అంగుళం సెన్సర్ (వెలుగును పట్టి బొమ్మగా మార్చే పలక) ఉన్న క్యామ్‌కార్డర్‌ను, కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే ఇచ్చే మామూలు లెన్స్‌తో) వచ్చే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను చూపించారని, సెన్సర్ పెద్దది కనుక రెండోదే తీసుకోవాలా అని అడిగారు. నేను హన్మకొండలో ఉంటాను. ఉద్యోగం చేసుకుంటూనే సెలవుల్లో కథలు, జాతరలు రికార్డు చేస్తూ చాలా ఏళ్లు గడిపాను. నన్నడిగితే, ఆ ఫుల్‌ఫ్రేమ్‌కు పెట్టే డబ్బులో ఈ రెంటికీ మధ్య పరిమాణమైన ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న బాడీని, దానికి అపర్చర్ (లెన్స్‌లో వెలుగు లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఎఫ్/2.8 దగ్గర స్థిరంగా ఉండే జూమ్ లెన్స్‌ను తీసుకోండి.

ముందుగా పేర్ల సంగతి చెప్పాలి. ఒక అంగుళం సెన్సర్ అంటే అంగుళం పొడవుంటుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. నిజానికి దాని కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు మాత్రమే. పాతకాలపు టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలు ఉండేవి. ఆ గొట్టం బయటి వ్యాసాన్ని బట్టి పెట్టిన పేరు సెన్సర్లు వచ్చాక కూడా అలాగే నిలిచిపోయింది. ఏపీఎస్-సీ సుమారు 23.5 × 15.6, ఫుల్‌ఫ్రేమ్ 36 × 24. వైశాల్యం లెక్క కడితే అంగుళం దానికంటే ఏపీఎస్-సీ మూడింతలకు పైగా, ఫుల్‌ఫ్రేమ్ ఏడింతలకు పైగా పెద్దవి. ఒకే అపర్చర్, ఒకే షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) పెట్టి ఒకే దృశ్యాన్ని తీస్తే, మొత్తం మీద అందే వెలుగు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వెలుగు నాలుగింతలైతే చిత్రంలో పురుగులు పాకినట్టు కనిపించే ఆ గ్రెయిన్స్‌తో పోల్చినప్పుడు అసలు బొమ్మ బలం రెండింతలవుతుంది. ఇంతవరకు దుకాణదారు మాటలో తప్పేమీ లేదు.

అయితే ఆయన లెన్స్ గురించి చెప్పలేదు. ఆ కిట్ లెన్స్‌ను జూమ్ చేసిన కొద్దీ అపర్చర్ మూసుకుపోతూ, చివరకు ఎఫ్/5.6 దగ్గర ఆగుతుంది. ఎఫ్/2.8తో పోలిస్తే అది నాలుగో వంతు వెలుగునే లోపలికి రానిస్తుంది. ఏపీఎస్-సీ కంటే ఫుల్‌ఫ్రేమ్ వైశాల్యంలో ఎక్కువున్నది రెండున్నర రెట్ల లోపే. అంటే సెన్సర్‌తో సంపాదించినదంతా లెన్స్ దగ్గర పోగొట్టుకుని, పైగా అప్పుపడినట్టే. అదే ఏపీఎస్-సీ బాడీకి సిగ్మా 18-50 ఎఫ్/2.8 వంటి చిన్న లెన్స్ తగిలిస్తే, జూమ్ చేసినా అపర్చర్ మారదు. పాత పెళ్లి వీడియోల కాలంలో మన దగ్గర పేరు పొందిన సోనీ పీడీ170 సెన్సర్లు అంగుళంలో మూడో వంతు రకానివే అయినా చీకట్లో మంచి బొమ్మ ఇచ్చేవంటే, దాని లెన్స్ వైడ్‌లో ఎఫ్/1.6 వరకు తెరుచుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇది విన్నాక, అలాగైతే ఎఫ్/1.8 లెన్స్ కొంటే ఇంకా మంచిది కదా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఏపీఎస్-సీ కెమెరాకు 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ పెట్టుకుని ఐనవోలు మల్లన్న జాతర రోజుల్లో ఒక రాత్రి కథకు వెళ్లాను. ముందు ఒకే ఒక్క ఫోకస్ లైటు ఉంది, వెనక అంతా చీకటి. నాలుగు మీటర్ల దూరం నుంచి అలా తీస్తే స్పష్టంగా కనిపించే లోతు దాదాపు మూరెడే ఉంటుందని అప్పుడు నేను లెక్క వేసుకోలేదు. ప్రధాన కథకుడి ముఖం అద్దంలా వచ్చింది కానీ, ఆయన వెనక నిలబడి డోలు వాయించేవారు, తాళం వేసేవారు రాత్రంతా మసకగానే ఉండిపోయారు. కథకుడు ముందుకు రెండడుగులు వేసి గిర్రున తిరిగినప్పుడల్లా ఆటోఫోకస్ వెతుక్కుంటూ ఆయననూ కోల్పోయింది. తరువాత ఆ వీడియో చూపించినప్పుడు డోలు వాయించే పెద్దాయన, "సారూ, కథ చెప్పినాయన ఒక్కడే మనిషా? మమ్ముల గిట్ల పొగల వెట్టినవేంది?" అన్నాడు. ఆయనకు చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు.

మీరు తీయబోయేది ఒక్క మనిషిని కాదు, బృందాన్ని. కనుక ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించండి. ఏపీఎస్-సీలో ఎఫ్/2.8 ఇచ్చేంత లోతే ఫుల్‌ఫ్రేమ్‌లోనూ కావాలంటే అపర్చర్‌ను సుమారు ఎఫ్/4.2 వరకు మూయాలి. అలా మూస్తే సెన్సర్ పెద్దది కావడం వల్ల వచ్చిన వెలుగు లాభం ఇంచుమించు అంతా తిరిగి పోతుంది. పెద్ద సెన్సర్ ఆధిక్యం లోతును వదులుకోవడానికి సిద్ధపడినవారికే పూర్తిగా దక్కుతుంది. పెళ్లికూతురి ముఖం ఒక్కటే తీసేవారికి అది వరమే కావచ్చు. హన్మకొండలోని పద్మాక్షి గుట్ట దగ్గర వలయంగా తిరిగే ఆడవాళ్లను, మధ్యలో పేర్చిన బతుకమ్మలను ఒకే ఫ్రేములో చూపించాలనుకునే మీకు మాత్రం అంతగా పనికిరాదు.

క్యామ్‌కార్డర్‌ను కూడా నేను తీసిపారేయను. మేడారంలో సమ్మక్కను గద్దె మీదికి తెచ్చే రాత్రి జనంలో అడుగు ముందుకు పడదు. దూరం నుంచి జూమ్ చేయక తప్పదు, అటువంటి చోట పన్నెండు రెట్ల జూమ్ ఒకే చేతిలో ఇమిడి ఉండటం గొప్ప వెసులుబాటు. కానీ సోనీ ఏఎక్స్700 వంటి అంగుళం కెమెరాల్లో కూడా పూర్తి జూమ్ దగ్గర అపర్చర్ ఎఫ్/4.5కు పడిపోతుంది. ఎంత తక్కువ వెలుగులో తీయగలదో చెబుతూ పెట్టె మీద వేసే లక్స్ అంకెను మాత్రం నమ్మవద్దు. గెయిన్‌ను (సెన్సర్ సిగ్నల్‌ను పెంచే మోతాదును) బాగా పెంచి, షట్టర్‌ను బాగా తగ్గించి ఎవరికి వారు కొలుచుకునే ఆ అంకెతో రెండు కంపెనీల కెమెరాలను పోల్చడానికి వీలుండదు.

షట్టర్ విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. ఒక ఫంక్షన్‌లో సెకనుకు 30 ఫ్రేములు, 1/60 షట్టర్ పెట్టి తీస్తే ట్యూబ్‌లైట్ల కింద తెర మీద అడ్డ పట్టీలు పాకాయి, ఎడిటింగ్‌లో ఎంత ప్రయత్నించినా పోలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక లైట్లు సెకనుకు నూరు సార్లు మిణుకుమంటాయి; 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టుకుంటే ఆ బాధ దాదాపు ఉండదు. కొన్ని పాత ఫొటో కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ ఆపేస్తాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే అది తప్పక అడగండి, రంగుల ముగ్గుతో పట్నం వేసే ఘట్టం మధ్యలో కెమెరా ఆగిపోతే ఆ నష్టాన్ని పూడ్చలేము.

కెమెరా మార్చకుండా చేయగలిగే పని ఒకటి ఉంది. కథ పెట్టించిన ఇంటివారిని అడిగి లైటును సగం దూరానికి జరిపించండి. చిన్న లైటైతే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది, అంటే ఐఎస్ఓ (ఆ గెయిన్‌నే చెప్పే అంకె) 6400 పెట్టాల్సిన చోట 1600 చాలు. కళాకారుల కళ్లలో పడకుండా దాన్ని తెల్లని పంచె మీదికి తిప్పితే కొంత వెలుగు తగ్గుతుంది కానీ ముఖాలు మెత్తగా వస్తాయి.

కొనే ముందు మీ సొంత మెమొరీ కార్డు తీసుకుని దుకాణానికి వెళ్లండి. బల్ల కింది నీడలో నల్లని గుడ్డ ఒకటి, పసుపు రంగు వస్తువు ఒకటి పక్కపక్కన పెట్టి, ప్రతి కెమెరాలోనూ అదే ఫ్రేముతో, 1/50 షట్టర్‌తో, మీరు కొనబోయే లెన్స్‌తోనే, ఐఎస్ఓ 1600, 3200, 6400, 12800 దగ్గర అర నిమిషం చొప్పున తీయండి. ఎక్స్‌పోజర్ ఎక్కువైతే అపర్చర్‌ను ముట్టుకోకుండా, ఉంటే ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును తగ్గించే నల్లటి అద్దం) వాడండి. కెమెరా చిన్న తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి కనుక అక్కడ నిర్ణయించుకోవద్దు. ఇంటికి తెచ్చి పెద్ద టీవీలో, గదిలో లైటు ఆర్పి చూడండి. నలుపు నలుపుగా ఉండక ఊదాగానో ఆకుపచ్చగానో తిరిగేది ఏ ఐఎస్ఓ దగ్గరో, పసుపు పాలిపోయేది ఎక్కడో రాసుకోండి. నా కెమెరాకు ఆ హద్దు 6400 అని తేలింది. ఆ తరువాత నేను దాన్ని దాటించలేదు.