ఏప్రిల్‌లో కూడా ఆపిల్ పూత మంచుకు ఎందుకు మాడిపోతుంది?

హైదరాబాద్‌లో ఏప్రిల్ అంటే 40 డిగ్రీల ఎండ. అదే నెలలో హిమాచల్ తోటల్లో పూత మంచుకు మాడిందంటే మీకు సందేహం రావడం సహజమే.

మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే పశ్చిమ అలజడులు అనే వాతావరణ వ్యవస్థలు వసంతంలోనూ హిమాలయాలను తాకుతూనే ఉంటాయి. వాన, వడగళ్లు, వెనుకే చల్లగాలి. అసలు ప్రమాదం ఆ తర్వాత, ఆకాశం తేటపడి గాలి ఆగిన రాత్రి. మబ్బు దుప్పటి లేక నేలలోని వేడి పైకి పోతుంది. బరువైన చల్లగాలి వాలు వెంట నీళ్లలా జారి లోయ అడుగున నిలుస్తుంది. అందుకే పల్లపు తోట మాడినా, కాస్త ఎత్తున ఉన్న తోట బతకవచ్చు.

ముడుచుకున్న మొగ్గ చలిని ఓర్చుకుంటుంది. విచ్చిన పూవుకు సుమారు మైనస్ 2 డిగ్రీల వద్ద దెబ్బ మొదలవుతుంది. మైనస్ 4 దగ్గర దాదాపు అంతా పోతుంది. రేకులు తెల్లగానే ఉంటాయి, విప్పి చూస్తే నడుమ కీలం, అంటే పూవులోని ఆడ భాగం, నల్లబడి కనిపిస్తుంది. ఆ పూవు ఇక కాయ కాదు. ఏడాది కష్టం ఒక్క తెల్లవారుజామున పోవడం తలచుకుంటేనే బాధ కలుగుతుంది.

తుంపర్లతో నీళ్లు చల్లడం ఒక రక్షణ. గడ్డకట్టే ప్రతి గ్రాము నీరు 80 కెలోరీల వేడి వదులుతుంది. అయితే మంచు కరిగేదాకా ఆపకూడదు.