ఏ చర్చి?

తమ్ముడికి,

ఆశీస్సులు. తొలి క్రైస్తవం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. యేసు యూదు మతాన్ని కాదని కొత్త మతం స్థాపించాడన్న మొదటి వాక్యం దగ్గరే నా పెన్సిలు ఆగింది. నీ వయసులో నేనూ, పేతురు ప్రార్థనకు చర్చికి వెళ్లాడని రాస్తే, సంపాదకుడు అంచున "ఏ చర్చి?" అని మాత్రం రాసి తిప్పి పంపాడు. బైబిల్లో అపొస్తలుల కార్యములు తెరిచి చూసుకున్నాను: పేతురు, యోహాను పగలు మూడు గంటల ప్రార్థనవేళకు వెళ్లింది యెరూషలేము దేవాలయానికి. తాము ఎదురుచూసిన రక్షకుడు, మెస్సీయ, వచ్చాడని నమ్మిన యూదులు వాళ్లు. క్రైస్తవులన్న పేరు ఆ తరవాత అంతియొకయ పట్టణంలో పుట్టింది.

విడిపోవడం ఒక్కనాటి ముచ్చట కాదు కనుక అక్కడ తొందరపడకు. క్రీ.శ. 49 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు తర్జనభర్జన పడింది, యూదులు కాని విశ్వాసులకు సున్నతి అవసరమా అన్న ప్రశ్న మీద. అక్కర్లేదని అక్కడి సంఘ పెద్ద యాకోబు తేల్చాక అన్యజనులకు దారి సుగమమైంది. 70లో రోమన్ సైన్యం దేవాలయాన్ని కూల్చి బలులు ఆగిపోయాక, యూదు బోధకులైన రబ్బీలు ధర్మశాస్త్ర అధ్యయనాన్నీ, యేసు శిష్యులు ఆయన మరణ పునరుత్థానాలనూ ఆధారం చేసుకున్నారు. అందుకే ఆ రబ్బీల యూదు మతాన్నీ క్రైస్తవాన్నీ తల్లీబిడ్డలనడం కంటే తోబుట్టువులనడం నాకు సబబనిపిస్తుంది. సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున ఉన్న పాత పట్టణం దూరా యూరోపస్ తవ్వకాల్లో, మూడో శతాబ్దపు క్రైస్తవుల ప్రార్థనా గృహం, యూదుల సమాజమందిరం ఒకే కోటగోడ వెంబడి బయటపడ్డాయి. క్రైస్తవులు మామూలు ఇంటినే మార్చి, ఒక గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి, గోడమీద గొర్రెల కాపరి బొమ్మ వేసుకున్నారు. సమాజమందిరం గోడల మీద మోషే కథ ఉంది.

ఇక ఆనాటి స్వచ్ఛత, ఈనాటి ఆడంబరం అన్న నీ ముగింపు. ప్రభువు భోజనం దగ్గర ఒకడు ఆకలితో, మరొకడు మత్తులో ఉన్నాడని పౌలు కొరింథు సంఘాన్ని మందలించింది 50ల నాటి మాట! అసలు తేడా అధికారానిది. 313లో క్రైస్తవానికి రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదరణ దొరికింది, 321లో ఆదివారం సెలవైంది, 380లో రాజ్యానికి అదే మతమైంది. అయినా మన ఊరి ఆరాధనలో ఇవాళ్టికీ ఆమేన్, హల్లెలూయా అన్న హెబ్రీ మాటలు తెలుగులోకి మారకుండానే పలుకుతున్నాయి. నీ వ్యాసంలో ఆ ప్రస్తావనే లేదేమిటి?

మొదటి వాక్యం, చివరి పేరా తిరగరాసి పంపు. పెన్సిలు చెక్కి ఉంచుతాను.

మీ అన్నయ్య